పెట్టెకన్నా ముందు కాగితాలు

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు ఏమేం సర్దాలో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. పసుపు కుంకుమల పొట్లం దగ్గర్నుంచి గోంగూర పచ్చడి సీసాదాకా ఏదీ మరచిపోం. కాని ఆ పిల్ల ఎవరో, ఎప్పుడు ఎక్కడ పుట్టిందో, ఎవరి భార్యో చెప్పే కాగితాల సంగతి వచ్చేసరికి, "అవి మీ నాన్నగారి బీరువాలో ఉన్నాయిలే, కావాలంటే పంపిస్తాం" అంటాం. పక్క ఊరి సంబంధమైతే ఆ మాట చెల్లుతుంది. అల్లుడు సైనికుడై, అదీ అమెరికా సైన్యంలో ఉండి, అమ్మాయిని అమెరికానుంచి మళ్ళీ ఇంకో దేశానికి తీసుకువెళ్ళవలసి వస్తే ఆ బీరువా చాలా దూరమైపోతుంది. ఈవేళ మీతో ఆ విషయమే మాట్లాడదామనుకుంటున్నాను.

మన పిల్లలు అమెరికా సైన్యంలో చేరడమేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. మామూలుగా అక్కడ గ్రీన్‌కార్డన్నా ఉంటేగాని సైన్యంలోకి తీసుకోరు. కాని 2009లో "మావ్ని" అనే పథకం ఒకటి మొదలుపెట్టి, చదువుకో ఉద్యోగానికో వీసామీద వచ్చినవాళ్ళలో సైన్యానికి అవసరమైన భాషలు తెలిసినవాళ్ళనూ, వైద్యం తెలిసినవాళ్ళనూ చేర్చుకున్నారు. 2016లో కొత్తవాళ్ళను తీసుకోవడం ఆపేసేలోగా పదివేల మందికి పైగా అలా చేరారు. చేరినవాళ్ళకు పౌరసత్వం త్వరగా వచ్చేది. మా అక్కయ్య అల్లుడు ఆ దారినే వెళ్ళాడు. 2013లో ఎమ్మెస్ చదవడానికి వెళ్ళి, 2015లో సైన్యంలో చేరి, మరుసటి ఏడు అమెరికా పౌరుడయ్యాడు. 2022 ఫిబ్రవరిలో వచ్చి మా అమ్మాయిని చేసుకున్నాడు. మా అమ్మాయి అంటే అక్కయ్య కూతురు. నన్ను పిన్నీ అంటుంది. నేనీవేళ చెప్పబోయేదంతా ఆ పిల్ల పడ్డ అవస్థలోంచి నేర్చుకున్నదే.

పెళ్ళి బాగానే జరిగింది. చిక్కు పేరు దగ్గర మొదలైంది.

మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తరవాత. ఇంటిపేరుకి ఒక పొడి అక్షరం వేసి ఊరుకోవడం మన అలవాటు. బారసాలలో పెట్టిన పేరులో రెండు మూడు ముక్కలుంటే, బళ్ళో వేసేటప్పుడు ఒకటి రాలిపోతుంది. మా అమ్మాయి పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టినప్పుడు ఇంటిపేరు రాయవలసిన గడి ఖాళీగా వదిలేసి, మొత్తం పేరంతా రెండో గడిలోనే రాసేశారు మా బావగారు. మన దేశంలో దానివల్ల ఏ ఇబ్బందీ రాలేదు. అమెరికావాళ్ళ వీసా పద్ధతిలో మాత్రం ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటానికి వీల్లేదు. అందుకని ఉన్న పేరంతా తీసుకెళ్ళి ఇంటిపేరు కింద వేసి, అసలు పేరు ఉండవలసిన చోట "ఎఫ్. ఎన్. యు." అని మూడు అక్షరాలు కొట్టారు. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. అదే గ్రీన్‌కార్డు మీదికీ ఎక్కింది. టెక్సస్‌లో ఆస్పత్రికి వెళితే నర్సు బయటికొచ్చి "ఫ్నూ! ఫ్నూ!" అని పిలిచిందట. తనని కాదనుకుని ఈ పిల్ల అలాగే కూచుంది. ఆ సంగతి ఫోనులో చెప్పినప్పుడు అందరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువకాలం నిలవలేదు.

ఎందుకంటే పెళ్ళి సర్టిఫికెట్టులో పేరు మళ్ళీ వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002నాటి చట్టంతో పెళ్ళి రిజిస్ట్రేషను తప్పనిసరి చేశారు గనుక సర్టిఫికెట్టయితే తీసుకున్నాం. ఫారం నింపింది మాత్రం మేమే. ఇంటిపేరుకి పొడి అక్షరం, మధ్య పేరుకి ఇంకో పొడి అక్షరం వేసి చేతులు దులుపుకున్నాం. సైన్యంవాళ్ళు తమ కుటుంబాల పట్టికలో అమ్మాయిని చేర్చేటప్పుడు ఆ సర్టిఫికెట్టు చూసి ఆ పేరే రాసుకున్నారు. దాంతో సైన్యం లెక్కలో ఒకావిడ, ఇమ్మిగ్రేషను శాఖ లెక్కలో ఇంకొకావిడ. ఇంట్లో వంట చేస్తున్నది మాత్రం ఒక్కతే.

ఇలా ఉండగా అల్లుడికి జర్మనీ వెళ్ళమని ఉత్తర్వులొచ్చాయి. వాళ్ళు వాటిని ఆర్డర్లంటారు. ఆ ఇంట్లో ఆర్డర్లన్న మాటకున్న బరువు మనకి తెలియదు. ఎప్పుడు వెళ్ళాలి, ఎన్నాళ్ళుండాలి, కుటుంబాన్ని తీసుకువెళ్ళవచ్చా లేదా అన్నీ అందులోనే ఉంటాయి. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకి జర్మనీలో మామూలుగా మూడేళ్ళు. అయితే భార్యాపిల్లలు వెళ్ళాలంటే వాళ్ళకి ముందు వైద్య పరీక్ష జరగాలి, పైవాళ్ళ అనుమతి రావాలి, ఆ కాగితంలో వాళ్ళ పేర్లు పడాలి. అనుమతి లేకుండా సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిన భార్యకి సైన్యం దృష్టిలో అక్కడ ఇల్లూ వాకిలీ లేనట్టే. కాబట్టి మీ అమ్మాయి "ఆయన ముందు వెళతారు, నేను వెనకాల వెళతాను" అంటే, "నీ పేరు ఆర్డర్లలో పడిందా?" అని ఒక్క మాట అడగండి.

ఇక జర్మనీ సంగతి. పరాయి దేశపు సైన్యం తమ గడ్డమీద ఉన్నప్పుడు ఆ సైనికులకీ కుటుంబాలకీ ఏ చట్టం వర్తిస్తుందని నాటో దేశాలు 1951 జూన్‌లో లండన్‌లో ఒక ఒప్పందం రాసుకున్నాయి. జపాన్‌తో 1960లో, దక్షిణ కొరియాతో 1966లో అమెరికా అలాంటివే విడిగా చేసుకుంది. వీటినే "సోఫా" అంటారు. కూచునే సోఫా కాదు లెండి. నాటో ఒప్పందం ప్రకారం సైనికుడికి పాస్‌పోర్టూ వీసా అక్కర్లేదు. గుర్తింపు కార్డూ ఆర్డర్లూ ఉంటే చాలు. కాని ఆ మినహాయింపు భార్యకి లేదు! ఆమెకి పాస్‌పోర్టు ఉండాలి, తాను ఫలానా సైనికుడి మీద ఆధారపడినదాన్నని అందులో రాయించుకోవాలి. "ఆధారపడినవారు" అన్నది ఒప్పందంలోని మాటే. మూడు దేశాల కాగితాలు ఒంటిచేత్తో చక్కబెట్టుకునే మనిషికి ఆ పేరేమిటో నాకు అర్థం కాదు.

మా అమ్మాయిది మన భారతీయ పాస్‌పోర్టు. అమెరికా పౌరురాలైన భార్యకి సైన్యం ద్వారా రుసుము లేని పాస్‌పోర్టు ఇస్తారు. మన పిల్లకి అది రాదు. గ్రీన్‌కార్డు అమెరికాలో ఉండటానికే తప్ప ఇంకో దేశంలో అడుగుపెట్టడానికి వీసాలా పనిచెయ్యదు. ఈ తేడా తెలియక పక్కింటి అమెరికన్ భార్య ఏం చేసిందో చూసి తనూ అదే చేద్దామనుకునే అమ్మాయిలుంటారు. పాస్‌పోర్టు ఏ దేశానిదో దాన్నిబట్టి ప్రవేశానికి ఏం కావాలన్నది మారిపోతుంది. టిక్కెట్టు చేతికొచ్చాక కాదు, ఆర్డర్లు వచ్చిన వారంలోనే సైనిక పాస్‌పోర్టు కార్యాలయంలో అడగాలి. సైనిక స్థావరాల్లో న్యాయ సలహా కార్యాలయాలుంటాయి. భార్యలకి కూడా ఉచితంగానే చెబుతారు. మొహమాటపడి వెళ్ళనివాళ్ళే ఎక్కువ.

2024 జనవరిలో ఇద్దరూ జర్మనీ చేరారు. ఇప్పుడు వినండి అసలు కథ. పెళ్ళయి రెండేళ్ళు నిండకుండా భార్యగా అమెరికాలో అడుగుపెడితే ఇచ్చే గ్రీన్‌కార్డు షరతులతో కూడినది. రెండేళ్ళే చెల్లుతుంది. గడువు తీరేముందు 90 రోజుల్లోపల, ఈ పెళ్ళి నిజమైన పెళ్ళేనని రుజువులు పెట్టి, భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి ఐ-751 అనే ఫారం పంపాలి. మా అమ్మాయి 2023 మేలో అమెరికా వెళ్ళింది. అంటే 2025 మేకి కార్డు అయిపోతుంది. అప్పటికి తనుండేది జర్మనీలో. పైగా 2024 నవంబరులో మగపిల్లాడు పుట్టాడు. చంటివాడితో, నిద్రలేని రాత్రులతో ఆ 90 రోజులు ఎప్పుడు మొదలవుతాయో ఎవరికి గుర్తుంటుంది? మా అల్లుడు శిక్షణకని వారాల తరబడి అడవుల్లో ఉండేవాడు. ఫోను కూడా అందేది కాదు.

గుర్తుపెట్టుకున్నది మా అక్కయ్య. వంటింట్లో గోడకున్న తెలుగు క్యాలెండరులో, ఏకాదశులకీ పాల లెక్కలకీ మధ్య, 2025 ఫిబ్రవరి కాగితం మీద ఎర్ర సిరాతో "కార్డు" అని రాసుకుంది. ఇక్కడినుంచి ఫోను చేసి అడిగింది. అప్పుడు కదిలారు.

విదేశంలో ఉన్న సైనికుడి భార్య ఆ ఫారం కోసం అమెరికా తిరిగి వెళ్ళనక్కర్లేదు. భర్త ఆర్డర్ల నకలూ, ఫొటోలూ, వేలిముద్రల కార్డులూ జతచేసి అక్కణ్ణుంచే పంపుకోవచ్చు. వేలిముద్రల దగ్గర ఇంకో విడ్డూరం. రోజంతా సీసాలు కడిగి, పిల్లాడి బట్టలు ఉతికి, ఆ సబ్బునీళ్ళకి వేళ్ళమీద గీతలు అరిగిపోయాయి. మొదటిసారి తీసిన ముద్రలు స్పష్టంగా లేవన్నారు. నాలుగు రోజులు నీళ్ళలో చెయ్యి పెట్టకుండా, రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకుని పడుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ నాలుగు రోజులూ అంట్లు తోమింది మా అల్లుడే. "సైన్యం చేసిన మేలు పిన్నీ" అంది.

పేరు చిక్కు ఇక్కడ అడ్డం పడింది. ఆర్డర్లలో ఒక పేరు, కార్డుమీద ఒక పేరు. ఈవిడా ఆవిడా ఒకరేనని అఫిడవిట్ రాయించవలసి వచ్చింది. ఆ తరవాత మన కాన్సులేటు ద్వారా పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీయించుకుని, దాన్నిబట్టి మిగతావి ఒక్కొక్కటీ సరిచేయించుకుంటోంది. ఎనిమిది నెలలైంది, ఇంకా పూర్తికాలేదు. మా బావగారు ఒక్క గడి ఖాళీగా వదిలినందుకు. ఆయన్ని మేమేం అనలేదు. ఆయనే రెండు రోజులు భోజనం సరిగా చెయ్యలేదు.

ఐ-751 అందినట్టు వచ్చిన రసీదు కాగితమే పాత కార్డుని ఇంకో 48 నెలలు పొడిగించింది. ఆ రసీదు పారేసుకుంటే కార్డు పారేసుకున్నట్టే.

ఇంకో భయం చాలామందికి ఉంటుంది. ఏడాదికి మించి అమెరికా బయట ఉంటే గ్రీన్‌కార్డు పోతుందంటారు కదా అని. మామూలు మనుషులకి అది నిజమే. ముందుగా అనుమతి తీసుకోకపోతే చిక్కే. కాని ప్రభుత్వ ఆర్డర్లమీద విదేశంలో ఉన్న సైనికుడితో కాపురముంటున్న భార్యకి మినహాయింపు ఉంది. గడువు తీరిన కార్డుతో కూడా ఆమె తిరిగి వెళ్ళవచ్చు. భర్తతో గాని, ఆయనకంటే ముందు గాని, ఆయన వెళ్ళాక నాలుగు నెలల్లోపల గాని వెళ్ళాలి. అయితే విమానాశ్రయంలో బల్ల దగ్గర కూచున్న మనిషికి ఈ నిబంధన తెలిసి ఉంటుందని నమ్మకండి. ఆర్డర్ల నకలు చేతిసంచీలో ఉండాలి. సామాన్లతో లోపలికి పంపేసిన పెట్టెలో ఉంటే లాభం లేదు.

పిల్లవాడి సంగతి తొందరగా చెబుతాను. తండ్రి అమెరికా పౌరుడైతే విదేశంలో పుట్టినా బిడ్డకి ఆ పౌరసత్వం వస్తుంది. తల్లి వేరే దేశస్థురాలైతే మాత్రం, బిడ్డ పుట్టేనాటికి తండ్రి ఐదేళ్ళు అమెరికాలో ఉన్నట్టు, అందులో రెండేళ్ళు పద్నాలుగో ఏడు దాటాక ఉన్నట్టు చూపాలి. కాలేజీ మార్కుల లిస్టులు, జీతం చీటీలు ఎందుకని అటక ఎక్కించేవాళ్ళు అవి దాచుకోవాలి.

ఇప్పుడు చెప్పేది రేడియోలో చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. కాని చెప్పకుండా వదిలేస్తే ఈ ప్రసంగం ఎందుకు? ఇన్ని కాగితాలకీ మూలం ఒక్క మనిషి. ఆయన ఆర్డర్లు, ఆయన సంతకం. ఆయనకేమన్నా అయితే? లేదా ఆయనే మంచివాడు కాకపోతే? పౌరుడైన భర్త చనిపోతే, రెండేళ్ళలోపల భార్య తనంతట తానే దరఖాస్తు పెట్టుకునే వీలు చట్టంలో ఉంది. భర్త అమెరికా పౌరుడై, సైన్యంలో గౌరవంగా పనిచేస్తూ మరణిస్తే, గ్రీన్‌కార్డున్న భార్యకి పౌరసత్వానికి ఇన్నేళ్ళు నివసించాలన్న నియమం లేదు. ఇక కొట్టే తిట్టే మొగుడైతే, విడాకులైతే, ఐ-751 మీద ఆయన సంతకం లేకుండానే మినహాయింపు అడగవచ్చు. "నీ కార్డు నా చేతిలో ఉంది, నోరెత్తితే వెనక్కి పంపిస్తాను" అనే మాట విని నోరు మూసుకున్న ఆడపిల్లలు ఎంతమందో. ఆ మాట పూర్తిగా నిజం కాదని మీరు మీ అమ్మాయికి పెళ్ళికి ముందే చెప్పి ఉంచండి. మా అల్లుడు బంగారం లాంటివాడు. అయినా నేను మా అమ్మాయికి చెప్పాను. పాస్‌పోర్టు, గ్రీన్‌కార్డు, పెళ్ళి సర్టిఫికెట్టు, ఆర్డర్ల నకలు ఆమె దగ్గర, ఆమె చేతికందే చోట ఉండాలి. నకళ్ళు ఒక జత ఇక్కడ అక్కయ్య దగ్గర ఉన్నాయి.

సైనికుల భార్యలకి చట్టం ప్రత్యేకంగా తలుపు తీయడం కొత్తేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1945 డిసెంబరు 28న అమెరికావాళ్ళు యుద్ధవధువుల చట్టం చేశారు. 1946 జనవరిలో "అర్జెంటీనా" అనే ఓడ సౌతాంప్టన్‌నుంచి 450 మందికి పైగా భార్యల్ని, వాళ్ళ చంటిపిల్లల్ని ఎక్కించుకుని న్యూయార్కు బయలుదేరింది. కాని ఆసియా స్త్రీలకి జాతి నిషేధం అప్పటికి పోలేదు. ఆ చట్టం కింద జాతి భేదం లేకుండా రానివ్వడం 1947 సవరణతో గాని జరగలేదు. మనవాళ్ళ విషయానికొస్తే భగత్ సింగ్ తింద్ అనే పంజాబీ ఆయన 1918లో అమెరికా సైన్యంలో పనిచేశాడు. అయినా ఆయన తెల్లజాతివాడు కాదని 1923లో అక్కడి సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది. చివరికి 1936లో దక్కింది. యూనిఫారం వేసుకున్నవాడికే అలా జరిగిందంటే, ఈనాడు మన పిల్లలు పంపే ఫారాల వెనక ఎంత కథ ఉందో చూడండి.

తల్లులు ఇక్కడ కూచుని చెయ్యగలిగింది చాలా ఉంది. జనన ధ్రువపత్రం ఒకసారి బయటికి తీసి చూడండి. మనకి ఆస్పత్రిలో పుట్టిననాడు పేరుండదు, ఇరవైఒకటో రోజున పెడతాం. అందుకని చాలా పత్రాల్లో "ఆడ శిశువు" అని మాత్రమే ఉంటుంది. ఆ పేరు ఎక్కించుకునే వీలుందేమో మున్సిపాలిటీలో అడగండి. అసలు నమోదే కాకపోతే, నమోదు లేదని వాళ్ళ దగ్గర పత్రం తీసుకుని, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళ చేత అఫిడవిట్లు రాయించాలి. ఆ పెద్దవాళ్ళు ఉండగానే ఆ పని చేసుకోవాలి మరి. పదో తరగతి సర్టిఫికెట్టులో పుట్టినతేదీ, జనన పత్రంలో తేదీ ఒకటేనా? బళ్ళో చేర్చడానికని మాస్టారు ఒక ఏడు పెంచి రాశారా? పెళ్ళి రిజిస్ట్రేషను ఫారంలో పొడి అక్షరాలు వెయ్యకండి. పాస్‌పోర్టులో ఎలా ఉందో, అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. పాస్‌పోర్టే తప్పుగా ఉంటే పెళ్ళికి ముందే దిద్దించండి. పెళ్ళి చీరలకి పెట్టే పొద్దులో పదోవంతు చాలు.

మా అమ్మాయి ముందు ఇప్పుడింకో ప్రశ్న ఉంది. సైనికుడైన పౌరుడితో విదేశంలో ఉండే భార్య, మిగతావాళ్ళలా మూడేళ్ళు ఆగనక్కర్లేకుండా పౌరసత్వం అడగవచ్చు. భర్త వైపు అధికారులు డి.డి. 1278 అనే కాగితంలో ఆయన విదేశీ నియామకాన్ని ధ్రువపరుస్తారు. ఇంగ్లీషు, పౌరశాస్త్రం పరీక్షలు మాత్రం తప్పవు. అల్లుడు చేసెయ్యమంటాడు, ఈ కార్డుల బాధ వదిలిపోతుందని. నిజమే. కాని ఆ ప్రమాణం చేసిన క్షణాన భారత పౌరసత్వం పోతుంది, పాస్‌పోర్టు అప్పగించెయ్యాలి. తరవాత ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. ఆ పథకాన్ని 2006 జనవరిలో మన హైదరాబాదులోనే ప్రారంభించారు, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అయితే అందులో ఒక మెలిక. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్ళకీ, చేసి విరమించినవాళ్ళకీ ఓసీఐ ఇవ్వరు. ఈ పిల్లకి వస్తుంది, అతనికి రాదు. కన్నతల్లిని చూడటానికి అతను ప్రతిసారీ వీసా తీసుకునే రావాలి.

మొన్న ఆదివారం ఫోనులో, "ఫారం నింపి సొరుగులో పెట్టాను పిన్నీ, సంతకం ఒక్కటే బాకీ" అంది. అక్కయ్య ఫోను అందుకుని, "పేరు ఎలా రాశావే? ఇంటిపేరు ఏ గడిలో రాశావు?" అని అడిగింది. అమ్మాయి చదువుతూంటే, కళ్ళజోడు పెట్టుకుని, తన దగ్గరున్న పాస్‌పోర్టు నకలుతో ఒక్కొక్క అక్షరం సరిచూసుకుంది. సంతకం సంగతి మాత్రం ఎత్తలేదు.